కొండ బడిలో ఆప్తవాక్యం

జ్ఞానానికి న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలు చెప్పింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. బడి చదువు చాలావరకు నాలుగోదాని మీదే నడుస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని పిల్లలు చూసి తెలుసుకోరు, ఊహించి తేల్చుకోరు. ఒకరు చెబితే నమ్ముతారు. ఎవరు చెబితే ఆ నమ్మకం జ్ఞానమవుతుంది? ఆప్తుడి ఉపదేశమే శబ్దప్రమాణమని గౌతముడి సూత్రం. ఆ ఆప్తుడెవరో వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు. విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఎదుటివారికి తెలపాలన్న కోరిక గలవాడు, ఆ కోరికతో పూనుకుని చెప్పేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని కూడా ఆయన అక్కడే చేర్చాడు. విద్య గురించి ఆలోచించేవారు ఈ చేర్పును ఇంకా ఎక్కువగా తలచుకోవలసింది. గురుత్వాన్ని పుట్టుక నుంచి విడదీసి, ఎరుకకూ చెప్పాలనే మనసుకూ ముడిపెట్టిన మాట అది.

తరగతి గదిలోకి తెర వచ్చాక ఈ పాత ప్రశ్నకు కొత్త పదును వచ్చింది. ట్యాబులో పాఠం చెప్పే గొంతుకు విషయం తెలిసే ఉండవచ్చు. వింటున్న పిల్ల ఎవరో మాత్రం దానికి తెలియదు. ఆ పిల్ల ముఖంలో అయోమయం కనిపించినా ఆగదు, మరో ఉదాహరణ వెతకదు. దాన్ని ఆప్తుడనవచ్చా?

మీమాంసకుల వాదం తెరకు అనుకూలంగా తోస్తుంది. వేదవాక్యానికి కర్త లేడనీ, దోషం బయటపడనంతవరకు జ్ఞానం తనంతట తానే ప్రమాణమనీ వారు అన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. వేదానికి సైతం ప్రామాణ్యం దాన్ని చెప్పిన ఆప్తుడి వల్లే వచ్చిందని పట్టుబట్టి, మంత్రాన్నీ ఆయుర్వేదాన్నీ దృష్టాంతంగా చూపారు. మందు పనిచేస్తోంది కనుక దాన్ని చెప్పినవాడు నమ్మదగినవాడని వారి తర్కం. ఎక్కడో తయారై, ముందే నింపి, రాష్ట్రమంతటికీ ఒకే రూపంలో చేరే పాఠం మీమాంసకుల వాక్యంలా కర్త కనిపించకుండా వస్తుంది, తనంతట తానే ప్రమాణమన్నట్టు మాట్లాడుతుంది. పిల్లలకు అది పనిచేసిందా లేదా అని చూసి నిర్ణయించమనే నైయాయికుడి పరీక్షే బడికి కావాలి.

ఆ పరీక్షకు తూర్పు కనుమలను మించిన చోటు లేదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లోని 8వ తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. వాటిలోని పాఠాలు ఇంగ్లీషులో, తెలుగులో ఉండేవి. అరకు, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట కొండల్లో చాలా ఇళ్లలో మాట ఈ రెండింటిలోనూ సాగదు. సంతలో రకరకాల తెగలను కలిపేది ఆదివాసీ ఒడియా. ఖోందులది కువి. కొండదొరల్లో కొందరిది కొండ భాష. దాని మీద భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. గదబల్లో ఒక వర్గం మాట్లాడే గుతోబ్ అసలు ద్రావిడ భాషే కాదు, ముండా కుటుంబానిది. ఇలాంటి ఇంటి నుంచి ఒకటో తరగతికి వచ్చిన పిల్లకు తెలుగు వాచకమే పరాయి గొంతు. ఎనిమిదో తరగతిలో తెర మీద వినిపించేది ఆ పరాయితనానికి కొనసాగింపు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003–04 ప్రాంతంలోనే సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి, మాతృభాషతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి నడిపించే బహుభాషా విద్యను చేపట్టారు. బోధనా సిద్ధాంతానికి సరిగ్గా సరిపోయిన కార్యక్రమం అది. తర్వాత వచ్చిన పరికరాలు దాని మీద కట్టుకుంటూ పోయి ఉంటే ఈ కొండల చరిత్ర వేరుగా ఉండేది.

విద్యలో సాంకేతికత స్థానాన్ని గురించి పాశ్చాత్య పండితులూ ఇదే చోట తర్కించుకున్నారు. 1983లో రిచర్డ్ క్లార్క్, మాధ్యమం వల్ల నేర్పు పెరగదని వాదించాడు. సరుకు తెచ్చిన లారీని బట్టి జనం పోషణ మారనట్టే, పాఠం తెచ్చిన పరికరాన్ని బట్టి చదువు మారదని ఆయన పోలిక. మారుతుంది, కొన్ని మాధ్యమాలు కొన్ని ఆలోచనలకు వీలు కల్పిస్తాయని రాబర్ట్ కోజ్మా బదులిచ్చాడు. లీ షుల్మన్ 1986లో మరో మాట చెప్పాడు: విషయం తెలియడం వేరు, ఆ విషయం పిల్లలకు ఎక్కడ తడబాటవుతుందో, ఏ ఉదాహరణతో విప్పాలో తెలియడం వేరు, రెండోదే ఉపాధ్యాయుడి సొత్తు. పుణ్య మిశ్ర, మాథ్యూ కోలర్ 2006లో దీనికి పరికర జ్ఞానాన్ని జోడించి, మూడూ కలిసే చోటును ఇప్పుడు టీపాక్ అంటున్న చట్రంగా వివరించారు. షుల్మన్ మాటను వాత్స్యాయనుడి పక్కన పెట్టి చదివితే విషయం ఎరగడం, ఎదుటివారికి అందేలా చెప్పడం అనే రెండు మెట్లు రెండుచోట్లా కనిపిస్తాయి. వాత్స్యాయనుడి దగ్గర అదనంగా ఉన్నది కోరిక, అంటే ఎదుటి మనిషికి తెలియాలన్న తపన. ఆధునిక చట్రాల్లో దానికి గడి లేదు. కొండ బడి తరచుగా తప్పేది అక్కడే.

ఆ తపన ఎలా ఉంటుందో ఈ కనుమల్లోనే ఒక జీవితం చూపింది. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి (1863–1940) తెలుగు, సవర రెండూ వచ్చిన వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకుని సవర నేర్చుకున్నాడు. సవరలో పుస్తకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలిచ్చాడు. మన్యంలో తిరుగుతూ మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి, వినికిడి పోగొట్టుకున్నాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటానికీ మూలం బడిలోనే ఉంది. 1907లో ఉత్తర జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత ఎడమెందుకని అడిగాడు. గిడుగు జీవితమంతా ఆ ప్రశ్నకు జవాబే. అచ్చు, లిపి, వాచకం ఆనాటి బోధనా సాంకేతికత. వాటిని ఆయన పిల్లల భాష విన్న తర్వాతే చేతిలోకి తీసుకున్నాడు. సవర తెగలో పుట్టకపోయినా సవర బడికి ఆప్తుడయ్యాడు. వాత్స్యాయనుడి మాటకు ఇది మరో వైపు నుంచి వచ్చిన రుజువు.

సవరలు స్వయంగా ఎన్నుకున్న దారి ఇంకా లోతైనది. 1936లో మంగేయ్ గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని వెలయించాడు. 24 అక్షరాలకు 24 దేవతలతో సంబంధం ఉంది. గునుపురం ప్రాంతంలో ఈ లిపి చుట్టూ అక్షరబ్రహ్మ ఆరాధన ఏర్పడింది. ఆ మార్గంలో చేరినవారు మద్యాన్నీ జంతుబలినీ విడిచారు. చదువు బయటినుంచి వచ్చిన అధికారంగా కాక, తమ దేవతల నోటిమాటగా వారి ముందుకు వచ్చింది. అంతకు ముందునుంచీ సవర ఇళ్లలో గోడబొమ్మల ఆచారం ఉంది. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో వాటిని వివరంగా నమోదు చేశాడు. ఆ బొమ్మ అలంకారం కోసం గీసేది కాదు. ఇంటికి వచ్చే దేవతకో చనిపోయిన బంధువుకో అది నివాసం. గీసేటప్పుడే పిలుపు, నైవేద్యం జరుగుతాయి. గుర్తులు గీసిన తలం మీద ఎవరో ఒకరు నివసించాలని ఆ సంప్రదాయం కోరుతుంది. ఎవరూ నివసించని తెరను పిల్లల ముందు నిలబెట్టినప్పుడు ఆ సంప్రదాయం పెట్టే షరతు తీరకుండానే ఉండిపోతుంది.

నోటి విద్యను తక్కువచేసే అలవాటు కొండల కింద చాలా ఉంది. అదే కొండల కింద పాణినీయ శిక్ష, రాసినదాన్ని చూసి చదివేవాణ్ణి అధమ పాఠకుల్లో లెక్కకట్టింది. ఆదివాసీ సంప్రదాయంలో ఎరుకకు కాలం ఉంటుంది, చోటు ఉంటుంది. కొత్త పండగ చేసి దేవతకు పెట్టకముందు ఆ కొత్త పంటను నోట పెట్టరు. నక్షత్రాలు చూసి మంచి రోజు చెప్పే దిసారి మాట పనితో, రుతువుతో కలిసి ఉంటుంది. ఏ క్షణంలోనైనా తెరిచి చూడగల పాఠానికి ఈ క్రమం తెలియదు. అలాంటి ఎరుకను ఫోనులో రికార్డు చేసి బడికి తేవడం మంచిదే కావచ్చు, కానీ ఏది చెప్పవచ్చో ఏది చెప్పకూడదో నిర్ణయించే హక్కు ఊరిది.

గౌతముడు శబ్దాన్ని దృష్టార్థం, అదృష్టార్థం అని రెండుగా విభజించాడు: ఇక్కడ చూడగలిగే విషయాన్ని చెప్పేది ఒకటి, చూడలేనిదాన్ని చెప్పేది మరొకటి. తరగతి గదికి ఇది నేరుగా పనికొచ్చే విభజన. అరకు పిల్లలకు కొలతల పాఠం చెప్పడానికి తెర అక్కర్లేదు. సోల, తవ్వ, అడ్డ, కుంచం వారు ఇంట్లో, సంతలో చూసినవే. చోళ్లు కొలిచి, లీటరు గిన్నెతో పోల్చి, ఎన్ని సోలలకు ఎంతో వారే పట్టిక రాయగలరు. సిల్వరోక్ నీడలో కాఫీ మొక్క ఎందుకు బాగుంటుందో, అదే చెట్టుకు మిరియపు తీగ ఎలా ఎగబాకుతుందో తోటలోనే చూపాలి. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు, సముద్రపు ఆటుపోట్లు, శని చుట్టూ ఉన్న వలయాలు కొండ మీద కంటికి కనబడవు. అక్కడ తెర చేసే సాయానికి బదులు లేదు. అప్పుడు కూడా ఉపాధ్యాయుడు మధ్యలో ఆపాలి, పిల్లల భాషలో అడిగించాలి, చూసినదాన్ని వారి మాటల్లో తిరిగి చెప్పించాలి. అలా చెప్పించినప్పుడే తెర మాట బడి మాట అవుతుంది.

ఈ వాదానికి పాత చిత్తూరు జిల్లా వైపు నుంచి ఒక గట్టి అభ్యంతరం ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, 1929లో తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్నే రద్దు చేశాడు. సత్యం విషయంలో ఎవరి ప్రామాణ్యమూ పనికిరాదన్నాడు. ఆయన దృష్టిలో ఆప్తుడి మీద ఆధారపడటమే మొదటి బంధనం. ఆయన స్థాపించిన రిషీవ్యాలీలో పుట్టిన రివర్ సంస్థ, ఒకే టీచరు, అనేక తరగతులు ఉన్న పల్లె బడుల కోసం కార్డుల పెట్టెను రూపొందించింది. పిల్లలు ఒక నిచ్చెన ప్రకారం, ఎవరి వేగంలో వారు, కార్డు వెంట కార్డు చేసుకుంటూ పోతారు. ఏకోపాధ్యాయ బడులున్న కొండలకు కరెంటు అడగని ఈ పరికరం బాగా నప్పుతుంది. అయితే ఆ కార్డుల్లోని కథలు, లెక్కలు, బొమ్మలు స్థానిక జీవితాన్ని ఎరిగినవారు రాయాల్సిందే. కృష్ణమూర్తి చెప్పింది తనను తాను తెలుసుకోవడం గురించి. అక్షరం, అంకె నేర్చుకునే ఏడేళ్ల పిల్లకు నమ్మదగిన మనిషి మాట ఇంకా అవసరమే.

ఆ మనిషి ఎవరన్న ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో ఇచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. కోర్టు తూచింది సమానత్వాన్ని. బడి తూచవలసింది మరొకటి ఉంది: పిల్లల భాష వచ్చా, రాదా? కువి, కొండ, ఆదివాసీ ఒడియా, గుతోబ్ తెలియడాన్ని ఈ కొండల ప్రాథమిక బడుల్లో నియామకానికి అర్హతగా పెట్టాలి. తెలియనివారికి జీతంతో నేర్పించాలి. బహుభాషా విద్య కోసం చేసిన ఎనిమిది భాషల వాచకాలను మళ్లీ అచ్చువేసి, ఆ భాషల్లోనే గొంతులు రికార్డు చేసి ట్యాబుల్లో నింపాలి. ఖర్చులో మొదటి వాటా వీటికి ఇచ్చి, ఆ తర్వాత తెరలు కొనాలి.