అంగడిలో అడుగవలసిన ప్రశ్న

ధ్యానభాగము: 1 కొరింథీ. 10:23–33



కొరింథు పట్టణములో, గుళ్లయందు బలి యిచ్చిన మాంసము కొంత బజారుకు వచ్చి తక్కిన మాంసముతో కలిసి అమ్ముడగుచుండెను. విశ్వాసి దానిని కొనవచ్చునా, కొనరాదా? పౌలు జవాబు సూటిగా నున్నది. అది ఎక్కడిదో అని ఆరా తీయుచు నిలువక కొని తినుడనెను. సృష్టి యంతయు దేవునిదైనప్పుడు భోజనపదార్థమునకు అంటు ఎక్కడిది? ఈ భాగమును ఎన్నియో మారులు చదివితిని గాని, దాని అర్థము నాకు బోధపడినది పరదేశపు దుకాణములోనే.

నర్సుగా పనిచేయుచున్న మా అమ్మాయిని చూచుటకు 2024లో కువైటు వెళ్లితిని. పెట్టె నిండ ఆవకాయ, కందిపొడి, వడియములు, అవి చాలవన్నట్లు ఐదు కిలోల బియ్యము కూడ మోసికొని పోతిని. "ఇక్కడ బియ్యం దొరకవనుకున్నావా నాన్నా?" అని బిడ్డ నవ్వెను.

అచ్చట పేటపేటకు ఒక సహకార దుకాణము కలదు. జనులు దానిని జమియా అందురు. మొదటిది 1962లో కైఫాన్ పేటలో ఏర్పడినది. ఎడారి దేశము గనుక తినువాటిలో ఎక్కువ భాగము ఓడలమీదనో విమానములమీదనో రావలసినదే. మన సోనామసూరి బియ్యమును, బెండకాయలును, కరివేపాకును అక్కడ చూచి ఆశ్చర్యపడితిని. ఆ ఆశ్చర్యము ఎంతోసేపు నిలువలేదు. ఒక దీనారు మన రూపాయలలో రెండువందల యాభైకి పైమాట. అరటిపండ్ల హస్తమును చేతబట్టి, మనస్సులో గుణించి, "ఈ డబ్బుకు రావులపాలెములో సగము గెల వచ్చునే" అని సణిగి, మరల అక్కడనే పెట్టితిని. ఏ వస్తువును ముట్టినను ఇదే తంతు.

మన్నాను ఎదుట పెట్టుకొని ఐగుప్తు దోసకాయలకును ఉల్లిపాయలకును ఏడ్చిన ఇశ్రాయేలీయులను (సంఖ్యా. 11) నేను ఎన్నోసార్లు తప్పుపట్టితిని. ఒక ఉదయము మా అమ్మాయి రాత్రి డ్యూటీ ముగించి వచ్చుచు, ప్రభుత్వ సబ్సిడీతో తక్కువ ధరకు దొరకు ఖుబ్జ్ రొట్టెలు తెచ్చి నా ముందు పెట్టెను. "అన్నం లేదా అమ్మా?" అంటిని. బిడ్డ ముఖము చిన్నబోయెను.

కొన్నాళ్లకు జమియాలో మా మాటలు విని ఒక స్త్రీ ఆగెను. సరుకులు నిండిన తోపుడుబండి ఆమె చేతిలో నుండెను. యజమానురాలు ముందు నడచుచుండెను.

"తెలుగోళ్లాండి? ఏ ఊరండి?"

"రాజమండ్రి దగ్గరమ్మా. మీది?"

"ఆయ్, రాజోలు పక్కనండి. వందనాలండి అయ్యగారూ."

ఇంటిపని చేయుటకు వచ్చినదట. ఇద్దరు పిల్లలు ఊరిలో అమ్మమ్మ యొద్ద నున్నారు. "ఇంత బండిలో నీకేం కొనుక్కున్నావమ్మా?" అని అడిగితిని. "నాకేంటండి! ఏది ముట్టుకున్నా పిల్లోడి ఫీజు గుర్తొచ్చేస్తుందండి" అని నవ్వి, యజమానురాలు పిలువగా బండి త్రోసికొని పోయెను.

నాకు సిగ్గు కలిగెను. దీనారును రూపాయలుగా మార్చినది నేనును, ఆమెయును. గుణకారము ఒక్కటే. నా చేతినుండి ఎంత పోవునో అని నేను లెక్కించితిని. తాను మానుకొన్నది బిడ్డకు ఎంతగా చేరునో అని ఆమె లెక్కించెను. ధర చూచుకొనుట పాపమా? కాదు. యేసు ప్రభువే మిగిలిన రొట్టెముక్కలను పోగుచేయించెను (యోహాను 6:12). ఆ పొదుపు ఎవరికొరకు అన్నదే ప్రశ్న.

ఇప్పుడు పౌలు మాటను మరల చూడుడి. ఆరా తీయవద్దన్న వచనమునకు ముందటి వచనములోనే, తన మేలుగాక పొరుగువాని మేలు చూడవలెనని ఆయన వ్రాసెను. మూడు వచనముల తరువాత, ఎదుటివాని మనస్సాక్షి నిమిత్తము తినుట మానుమనెను. కాబట్టి ఆయన ప్రశ్నలన్నిటిని మాన్పలేదు. ఇది మనదా పరాయిదా, దీనిని ఎవరు ముట్టిరి అను ప్రశ్నను మాన్పెను. దీనివలన నా పొరుగువానికి ఏమగును అను ప్రశ్నను నిలిపెను. మనమో, నిలిపినదానిని మాని మాన్పినదానిని పట్టుకొందుము.

ఇది కువైటు మాట మాత్రమే కాదు. మన గోదావరి సీమవారికి పరదేశపు కూడు క్రొత్త కాదు. మన పూర్వులు ఎందరో కాకినాడ రేవున ఓడ యెక్కి రంగూనులో కూలి చేసిరి. 1942లో యుద్ధము వచ్చినప్పుడు అనేకులు కాలినడకన బర్మా విడిచిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత అన్నపూర్ణయని పేరుపొందిన ఈ నేలనుండి, నేటికిని ఎందరో తల్లులు కూటికొరకు గల్ఫు దేశములకు పోవుచున్నారు.

వారు పంపిన కృతజ్ఞతార్పణను మన సంఘములు ఏ ప్రశ్నయు లేక తీసికొనును. ఆ తల్లినిగూర్చి మాత్రము, "అక్కడ ఎలా ఉంటోందో" అని అరుగులమీద గుసగుసలు బయలుదేరును. జీతము సరిగా అందుచున్నదా, పిల్లలు బడికి పోవుచున్నారా, పండుగనాడు వారితో కూర్చుండి ఎవరు అన్నము తినిరి అని అడుగువారు కరువు. ఆ గుసగుసలు విని ఊరకున్నవారిలో నేనును ఒకడను.

మరునాడు నేనే ఖుబ్జ్ అడిగి తెప్పించుకొని, ఆవకాయతో తింటిని. బిడ్డ మరియొకటి వడ్డించెను. అనుదినాహారము కొరకు ప్రార్థింప నేర్పినప్పుడు ప్రభువు "నాకు" అని గాక "మాకు" అని నేర్పెను (మత్తయి 6:11). ఆ "మాకు" అను మాటలో రాజోలు పిల్లలును, బండి త్రోసికొనిపోయిన వారి తల్లియు నున్నారు.

ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, తల్లి దూరదేశమున నున్న ఇల్లు మీ పేటలో ఎక్కడ నున్నదో చూచి వెళ్లుడి. కూరగిన్నె ఒకటి తీసికొని వెళ్లుడి. వారు పెట్టినది సంతోషముగా తినుడి. ప్రభువు మనకందరికి అట్టి మనస్సు దయచేయునుగాక. ఆమేన్.