బ్రేకు తొక్కానన్నవాడు అబద్ధికుడా?

తాము బ్రేకు తొక్కితే కారు ముందుకు దూకిందని అమెరికాలో కొందరు టెస్లా విద్యుత్ కార్ల యజమానులు ఫిర్యాదు చేశారు. సుమారు 5 లక్షల కార్లకు సంబంధించిన ఆ అర్జీని 2020లో పరిశీలనకు తీసుకున్న అక్కడి రహదారి భద్రతా సంస్థ 2021 జనవరిలో తోసిపుచ్చింది. కారులో నమోదైన సమాచారం దొరికిన ప్రతి ప్రమాదంలోనూ కాలు పడింది యాక్సిలరేటరు మీదేనని తేల్చింది.

మరి వారు అబద్ధమాడినట్లేనా? అబద్ధమంటే తెలిసి చేసే మోసం. కాలు చేసిన పొరపాటు మనస్సుకు తెలియదు. కారు ఆగకపోయేసరికి, బ్రేకే అనుకొని మనిషి ఇంకా గట్టిగా తొక్కుతాడు. అతడు ప్రమాణం చేసి చెప్పినా అది అబద్ధసాక్ష్యం కాదు. అతడు నిజాయితీపరుడే, చెప్పిన మాట మాత్రం నిజం కాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం మనకెందుకో కష్టం!

అలాగని ప్రతి ఫిర్యాదునూ కాలి మీదికి నెట్టలేం. పెట్రోలు కార్ల విషయంలో చూడండి: పెడల్ ఇరుక్కుపోయే లోపాల గురించి ప్రజలను తప్పుదోవ పట్టించినందుకు 2014లో టొయోటా 120 కోట్ల డాలర్లు చెల్లించింది.

పైగా విద్యుత్ కారులో ఇంజను గర్జన ఉండదు, తొక్కిన మరుక్షణమే శక్తి అందుతుంది. యాక్సిలరేటరు మీద నుండి కాలు తీస్తేనే వేగం తగ్గే కార్లలో బ్రేకుతో పని తక్కువ. కాలికి ఆ అలవాటు తప్పుతుంది. ఇది తెలిసి తయారుచేసినవారికి బాధ్యత లేదా? జపాను ప్రభుత్వం ఎవరినీ నిందించకుండా, ఎదుట అడ్డున్నప్పుడు పొరపాటున తొక్కినా కారు దూకకుండా ఆపే పరికరాన్ని 2028 సెప్టెంబరు నుండి కొత్త కార్లలో తప్పనిసరి చేయాలని నిర్ణయించింది.