వంతకూ ముద్రకూ చోటు: పాటలు కట్టే చిరంజీవికి

జర్మనీలో చదువుకొంటూ, సినిమా సంస్థల ఆసరా గానీ పెద్ద మ్యూజిక్ కంపెనీల ఒప్పందం గానీ లేకుండా, తెలుగులో సొంతంగా పాటలు కట్టి ఇంటర్నెట్‌లో వినిపిస్తున్న చిరంజీవికి ఈ లేఖ.

పాట వైరల్ కావడమంటే, కట్టినవారి చేయి దాటి, ముక్కూ మొహం తెలియని జనం ద్వారా ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు, ఒక ఊరి నుంచి మరొక దేశానికి కొద్ది రోజుల్లో పాకిపోవడం. పాకించే పని పరాయివాళ్లది కనుక, పాటను తప్పకుండా వైరల్ చేసే కిటుకు ఉన్నదని చెప్పే ప్రతి ప్రకటనలోనూ ఎంతో కొంత అబద్ధం ఉంటుంది. గీతకర్త చేతిలో ఉన్నవి రెండే. వినేవారు అందుకోవడానికి పాటలో చోటు ఉంచడం మొదటిది. పాట ఎన్ని చేతులు మారినా కర్త పేరూ హక్కూ దాని వెంట నడిచేలా ముందే ఏర్పాటు చేసుకోవడం రెండవది. ఈ రెండూ తెలుగువారికి కొత్తవి కావు. బుర్రకథకుడు తన పక్కన వంతలను నిలుపుకొన్నది మొదటి దాని కోసమే. క్షేత్రయ్య పదాల్లో కర్త గుర్తుగా నిలిచిన ‘మువ్వగోపాల’ ముద్ర రెండవ పనికీ ఉపకరించింది.

ఇంటర్నెట్ ద్వారా జర్మనీలో ఇలా పాకిన తొలితరం పాటల్లో ముందుగా చెప్పుకోవలసింది ‘ష్నాపి’ అనే పిల్లల పాట. డబ్ల్యూడీఆర్ ప్రసార సంస్థ వారి ఎలుక బొమ్మ కార్యక్రమానికి పాటలు కూర్చిన ఐరిస్ గ్రుట్‌మన్, ఒక మొసలి పిల్ల గురించిన ఈ పాటను 1999 ప్రాంతంలో తమ కుటుంబంలోని చిన్నారి జాయ్ చేత పాడించారు. కొన్నేళ్లపాటు పిల్లల పాటగానే ఉండిపోయిన ఇది, 2004లో ఎంపీ3 ఫైలు రూపంలో చేతులు మారుతూ రేడియోకెక్కి, 2005 జనవరిలో జర్మనీ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరి, అక్కడ 10 వారాలు నిలిచింది. అప్పటికి యూట్యూబ్‌లో మొదటి వీడియో కూడా రాలేదు. మొసలి నోరు టప్పున మూసే చప్పుడును పోలిన మాట ఒకటి పల్లవిలో మళ్లీ మళ్లీ రావడం, జర్మన్ రానివారు కూడా ఆ ఒక్క మాటను పట్టుకొని పాడగలగడం దాన్ని సరిహద్దులు దాటించి ఉంటాయి.

తెలంగాణలో 2021లో ‘బుల్లెట్టు బండి’ పాటకు జరిగింది కూడా ఇటువంటిదే. లక్ష్మణ్ రాసి, మోహన భోగరాజు పాడిన ఆ పాట అంతకుముందే యూట్యూబ్‌లో ఉన్నా, మంచిర్యాల ప్రాంతంలో ఒక పెళ్లికూతురు తన పెళ్లి వేడుకలో దానికి వేసిన ఆట వీడియోగా వెలువడ్డాకే పెళ్లి ఊరేగింపులన్నిటిలో పాకింది. ఆమెను ఎవరూ నియమించలేదు. ఆమెకు ఆ పాటలో తన సందర్భం దొరికింది, అంతే. కాబట్టి పాట కట్టేవారు ‘దీన్ని ఎంతమంది వింటారు’ అని ఆలోచించే ముందు ‘దీన్ని ఎవరు, ఏ సందర్భంలో, తమదిగా వాడుకొంటారు’ అని ఆలోచించడం మేలు. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ వంటి నగరాల్లో తెలుగువారు బతుకమ్మ ఆడుకొంటున్నారు. ఒకరు పాడితే పదిమంది అందుకొనే ఆ పాటల నిర్మాణాన్ని గమనించడం, ఏ మార్కెటింగ్ పాఠం కంటే కొత్త గీతకర్తకు ఎక్కువ నేర్పుతుంది.

ఇక చోటు ఉంచడమంటే చేతల్లో ఏమిటో చెప్పుకోవాలి. పాటలో 15 సెకన్లకు మించని ఒక భాగం, ముందూ వెనుకా తెలియకపోయినా దానంతట అది నిలిచేదిగా ఉండాలి; గొంతు లేని వాద్యభాగాన్ని వేరుగా అందించాలి; సాహిత్యాన్ని తెలుగు లిపిలోనూ, తెలుగు చదవలేని పిల్లల కోసం రోమన్ లిపిలోనూ ఇవ్వాలి; పాటను వాడుకొన్న ప్రతి చిన్నవారి వీడియోనూ చూసి, కృతజ్ఞత తెలిపి, తన పేజీలో పంచాలి. భారతదేశంలో టిక్‌టాక్ 2020 జూన్ చివరి నుంచి నిషేధంలో ఉన్నందున, జర్మనీ నుంచి అందులో పెట్టిన ముక్క తెలుగునేలకు అందదు. కాబట్టి అదే ముక్కను ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లోనూ యూట్యూబ్ షార్ట్స్‌లోనూ పెట్టక తప్పదు. 15 సెకన్ల లెక్కకు జర్మనీలో చట్టపరమైన ఆధారం కూడా ఉంది. 2021 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇతరుల పాటలో 15 సెకన్ల వరకు, మొత్తం పాటలో సగానికి తక్కువగా, తమ సొంత విషయంతో కలిపి, వ్యాపార దృష్టి లేకుండా వాడుకొన్న వీడియోను వేదికలు యంత్రాల చేత ఆపించకూడదు. అందుకు కర్తకు చెల్లవలసిన ప్రతిఫలాన్ని వేదికలే ఇవ్వాలి, అయితే దాన్ని కింద చెప్పబోయే హక్కుల సంఘం ద్వారానే అడగాలి.

చోటు ఇచ్చినప్పుడు, వచ్చినవారు పాటను మార్చడం కూడా జరుగుతుంది. ఇజ్రాయెల్ గాయకుడు అసాఫ్ అవిడాన్ 2008లో వెలువరించిన ‘రెకనింగ్ సాంగ్’ను బెర్లిన్‌కు చెందిన వాంకెల్మూట్ అనే డీజే అనుమతి అడగకుండానే నృత్య లయలోకి మార్చి ఇంటర్నెట్‌లో పెట్టగా, అది కార్చిచ్చులా వ్యాపించింది. అవిడాన్‌కు మొదట అది నచ్చలేదు. చివరికి సమ్మతించగా, 2012లో ఆ రూపం జర్మనీలో మొదటి స్థానానికి చేరింది. కర్తకు కోపం రావడం సహజమే, అయినా ఆ కోపాన్ని ఒప్పందంగా మార్చుకోవడంలో ఆయన చూపిన విజ్ఞత గమనించదగినది. ఇంతకంటే హుందాగా నడిచినది 2023 నాటి ‘ఫ్రీజెన్‌యుంగ్’. గాయకుడు స్టింగ్ పాటకు హాస్యనటుడు ఓటో వాల్కెస్ 1993లో కట్టిన పేరడీని, బెర్లిన్ ర్యాపర్ స్కీ ఆగు, నెదర్లాండ్స్ గాయకుడు యోస్ట్ కలిసి కొత్త తరానికి తగ్గట్టు మలచినప్పుడు, డెబ్బై దాటిన ఓటోను పక్కన పెట్టక తమతోనే పాడించుకొన్నారు. ఆ పాట జర్మనీలో మొదటి స్థానం పొందింది. తాత వయసువారిని పిలిచి పీట వేసినందువల్ల కుర్రకారు తగ్గిపోలేదు.

అడగకుండా తీసుకోవడం ఎంత దూరం పోతుందో తెలియాలంటే క్రాఫ్ట్‌వెర్క్ అనే జర్మన్ సంగీత బృందం వ్యాజ్యాన్ని చూడాలి. ఆ బృందం 1977లో చేసిన ఒక రచన నుంచి రెండు సెకన్ల లయను నిర్మాత మోజెస్ పెల్‌హామ్ 1997లో సబ్రీనా సెట్లూర్ పాటలో వాడారు. అక్కడ మొదలైన తగాదా హాంబుర్గ్ కోర్టుల నుంచి రాజ్యాంగ న్యాయస్థానం వరకు, అక్కడి నుంచి 2019లో ఐరోపా న్యాయస్థానం వరకు వెళ్లి, 2023లో మళ్లీ అక్కడికే చేరింది. రెండు సెకన్లకు రెండు దశాబ్దాలు దాటిన న్యాయపోరాటం! తెలుగులో 2021 నాటి ‘సారంగ దరియా’ పాట విషయంలో, తాను వెలికి తెచ్చిన జానపదాన్ని సినిమా వాడుకొన్నదని ఒక గాయని వాపోవడం కూడా మరచిపోరానిది. జానపదానికి కర్త తెలియకపోవచ్చు, కానీ దాన్ని ఏ ఊరిలో ఎవరి నోట విన్నారో తెలిసే ఉంటుంది. ఆ పేరు రాయడానికి చట్టం బలవంతపెట్టవలసిన అవసరం లేదు.

ముద్ర విషయానికి వస్తే, పూర్వులు చాలామంది దాన్ని చివరి చరణంలో కూర్చారు. పదిహేను సెకన్ల ముక్కలో చివరి చరణం ఉండదు కనుక, ఈనాటి ముద్ర పాట లోపల కాక పాట వెంట వెళ్లే వివరాల్లో ఉండాలి. పాటలను స్పాటిఫై వంటి సేవలకు చేరవేసే మధ్యవర్తి సంస్థకు ఫైలును అప్పగించేటప్పుడు, రచయిత, స్వరకర్త, గాయకులు, వాద్యకారులు అందరి పేర్లూ ఒకే వర్ణక్రమంలో నింపాలి. ప్రతి రికార్డింగుకు ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉన్నదో లేదో చూసుకోవాలి. ముగ్గురు మిత్రులు కలిసి పాట కడితే ఎవరి వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద రాసుకోవాలి. పాటకు డబ్బు రాక ముందు ఈ కాగితం రాయడం స్నేహం, వచ్చాక రాయడం పంచాయితీ.

పాటను బహిరంగంగా వాడుకొన్నవారి నుంచి రుసుము వసూలు చేసి కర్తలకు పంచేది హక్కుల సంఘం. జర్మనీలో సంగీత కర్తలకు అది గెమా, భారతదేశంలో 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్. గెమాకూ యూట్యూబ్‌కూ మధ్య ఒప్పందం 2009లో ముగిసి, 2016 నవంబరులో కొత్తది కుదిరేవరకు, జర్మనీలో ఎన్నో పాటలు తెరమీద ఒక విచార ప్రకటనగా మాత్రమే కనిపించాయి. లోకమంతా ఊగిన ‘గంగ్నమ్ స్టైల్’ కూడా అక్కడ ఆగింది. కర్తకు కూలి కావాలి, పాటకు గాలి కావాలి. ఆ ఏడేళ్లలో జర్మనీ శ్రోతలకూ కర్తలకూ రెండూ సరిగ్గా దక్కలేదు. సంఘంలో చేరే ముందు, తన రచనలన్నీ దాని పరిధిలోకి వస్తాయా, కొన్నిటిని ఉచితంగా వదిలే వీలుంటుందా అన్నది నియమాలు చదివి నిర్ణయించుకోవాలి.

కొన్ని దారులు మాత్రం తొక్కకూడనివి. వినేవారి సంఖ్యను డబ్బుకు పెంచి ఇస్తామనే వ్యాపారులపై జర్మనీ కోర్టులు 2020లో నిషేధ ఉత్తర్వులు ఇచ్చాయి. స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లైనా వినబడని పాటకు ప్రతిఫలం ఇవ్వడం మానింది, దొంగ వినికిడులకు పంపిణీ సంస్థలపై జరిమానా కూడా వేస్తోంది. కొత్తవారికి ఆ వెయ్యి గీటు అన్యాయంగా తోచవచ్చు, అందులో కొంత నిజముంది. అయినా దాన్ని దొంగ లెక్కతో దాటడం కంటే వంద మంది నిజమైన శ్రోతలతో ఆగడం మర్యాద. వివాదంతో పేరు తెచ్చుకోవడం ఇంకొక దారి: 2022లో ‘లైలా’ అనే జర్మన్ పాట, స్త్రీని కించపరుస్తున్నదని వ్యూర్ట్స్‌బుర్గ్ ఉత్సవంలో పాడనివ్వకపోగా, ఆ గొడవతోనే మరింత పేరు తెచ్చుకొని తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ దారి పనిచేస్తుందన్నది వాస్తవం. పనిచేస్తుంది గనుక మంచిదనుకోవడం పొరపాటు.

కర్త తప్పేమీ లేకుండానే పాట చెడ్డచేతుల్లో పడటం కూడా ఉంది. ఇటలీ డీజే జీజీ దగోస్తినో 1999లో ప్రేమ మీద చేసిన ‘లామూర్ తుజూర్’ స్వరానికి విదేశీయులను వెళ్లగొట్టమనే నినాదాన్ని జోడించి, 2024 మేలో జర్మనీలోని జ్యూల్ట్ ద్వీపంలో కొందరు కేరింతలు కొట్టిన వీడియో దేశమంతా పాకగా, ఆ ఏడాది మ్యూనిక్ అక్టోబర్ ఉత్సవ నిర్వాహకులు ఆ పాటనే వద్దన్నారు. తన పాట ప్రేమ గురించినదని ఆయన స్పష్టం చేశారు. వైరల్ కోరుకొనే గీతకర్త ఇటువంటి రోజుకూ సిద్ధంగా ఉండి, పాట తన చేయి దాటినా ఆ వాడుక తనది కాదని అందరూ వినేలా చెప్పగలగాలి.

ఇక చివరిగా, అన్నిటికంటే ముందు చూసుకోవలసినది. జర్మనీలో విద్యార్థి నివాస అనుమతితో ఉన్నవారు పాటల మీద స్వతంత్ర వృత్తిగా ఆదాయం పొందాలంటే, విదేశీయుల కార్యాలయం నుంచి వేరుగా అనుమతి తీసుకోవాలి, పన్ను కార్యాలయంలో నమోదు కావాలి. చిరంజీవి ఆ దరఖాస్తును తదుపరి పాట విడుదలకు ముందే పెట్టుకోవాలని కోరడమైనది.