తీపి చేయువాని కాయకము



కంచన్‌బాగ్ అనగా బంగారు తోట. హైదరాబాదు పాతనగరపు అంచున గల ఈ ప్రదేశమునకు ఆ పేరు పూర్వకాలపుది. నేటి ఖ్యాతి మాత్రము లోహముల వలన, రక్షణ పరిశోధనల వలన కలిగినది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్ర ధాతు నిగమ్ స్థాపింపబడినవి. అట్టిచోట పెరిగిన పిల్లవాడు ఇంజనీరు కావలెనని తల్లిదండ్రులు కోరుట సహజమే. అట్టి ఇంటిలో ఒక లింగధారి యువకుడు, “నేను చాక్లెట్లు, కేకులు చేయు విద్య నేర్చుకొందును” అని పలికినాడనుకొనుడు. పెద్దలు వానికేమి చెప్పవలెను? ఇది ఒక ఇంటి ప్రశ్నగా తోచినను, కాయకమనగానేమి యను మూల ప్రశ్నయే ఇందు దాగియున్నది.

పెద్దలకు మూడు ఆక్షేపణలు తోచును. ఒకటి, ఇది వంటవాని పని యను చిన్నచూపు. రెండు, ఇందు గ్రుడ్లు, మద్యము కలియునను భయము. మూడు, ఇది సంపన్నుల నాలుకకు సేవ చేయుట కదాయను సందేహము.

మొదటి దానికి సమాధానము పన్నెండవ శతాబ్దమునందే లభించినది. కల్యాణమునందలి అనుభవ మంటపమున బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, చెప్పులు కుట్టు హరళయ్య గౌరవముతో కూర్చుండినారు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున కుమ్మర గుండయ్య కథను చెప్పినాడు. గుండయ్య కుండలపై వేసిన దరువునకు పరమశివుడే ఆడెనట. కుండ చేయువానికి దక్కిన ఆ గౌరవము పిండి కలుపువానికి దక్కదనుట శరణమార్గము కానేరదు.

ఈ విద్య తేలికయైనదియు కాదు. హోటలు వంటశాలలో ‘కమీ’ యను చిన్న పనివాడుగా చేరి, తూకములు తూచి, పళ్లెములు కడిగి, ఏండ్ల తరబడి నిలుచుండి పనిచేసిన పిమ్మటగాని ఒకడు పేస్ట్రీ షెఫ్ కాలేడు. చాక్లెట్ పని మరింత సూక్ష్మము. కరిగిన నల్ల చాక్లెట్‌ను నలుబదియైదు డిగ్రీలకు పైన వేడిచేసి, ఇరువది యెనిమిది డిగ్రీల దరిదాపులకు చల్లార్చి, తిరిగి ముప్పది యొకటి, ముప్పది రెండు డిగ్రీలకు తేవలెను. కోకో వెన్న ఆరు విధములుగా గడ్డకట్టును. అందు ఐదవ విధము మాత్రమే నిగనిగలాడి, విరిచినప్పుడు టక్కుమని పలుకును. తప్పినచో తెల్లని చారలు తేలును. దీనిని టెంపరింగ్ అందురు. ఉక్కు పనివారును తమ పనిలో ఇదే మాట వాడుదురు. లోహమున జరుగు మార్పు వేరు, కోకో వెన్నయందు జరుగు మార్పు వేరు. కాని వేడికిని చల్లదనమునకును హద్దు తెలిసిన చేయి రెండింటికిని కావలెను. కంచన్‌బాగ్ పెద్దలకు ఇంతకంటె వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలగును. తీపికి ఒక గుణము కలదు, అది కప్పిపుచ్చును. పుల్లనిదానిని, పాతదానిని, నాసిరకపుదానిని చక్కెర దాచివేయును. కోకో వెన్నను తొలగించి చౌకయైన ఇతర కొవ్వు కలిపిన సరకును వ్యాపారమున ‘కాంపౌండ్’ అందురు. దానికి టెంపరింగ్ శ్రమ లేదు, ఖర్చు తక్కువ, కొనువారిలో పెక్కుమంది నాలుకకు తేడాయు తెలియదు. దానిని దాని పేరుతోనే అమ్మినచో తప్పులేదు. చాక్లెట్ అని చెప్పి అమ్ముట అసత్యము. కుండకు చిల్లియున్నచో నీరు కారి తెలియును. త్రాడు బలహీనమైనచో తెగి తెలియును. తీపిలోని మోసము మాత్రము తిన్నవానికి సంతోషమునే కలిగించును. కావున ఇతర వృత్తులవారికంటె తీపి చేయువానికి సత్యశుద్ధి ఎక్కువగా కావలెను. ఎదపైనున్న ఇష్టలింగము గిరాకీ చూడనిదానిని చూచుచున్నదని వాడు మరువరాదు.

రెండవ ఆక్షేపణకును ఇదియే కొలత. గ్రుడ్డు కలిసినదో లేదో కేకు ముక్కను చూచి ఎవరును చెప్పలేరు. కొన్ని మెత్తని తీపి వంటకములందు వాడు జిలాటిన్ జంతువుల ఎముకల నుండి, చర్మముల నుండి తీయబడునని పెక్కుమందికి తెలియదు. లింగధారి ఈ విద్య నేర్వవచ్చును; కాని తన వ్రతమును మొదటి దినముననే గురువునకు, యజమానికి విన్నవింపవలెను. దాచి నేర్చుట, నేర్చి దాచుట రెండును తగవు. చాక్లెట్ మూలమున ఒక చెట్టు గింజయే. గ్రుడ్డులేని కేకులకు మన దేశమున ఆదరణ గలదు. దారి ఇరుకైనదేగాని మూతపడలేదు. అయితే తాను ముట్టనిదానిని వండు తోటి పనివానిని హీనముగా చూచు హక్కు వానికి లేదు. వ్రతము తన కొరకు. ఇతరులను తూచు తక్కెడ కాదు.

మూడవ ఆక్షేపణ గట్టిది. ఒక చిన్న చాక్లెట్ పెట్టె వెల పేదవాని దినపు కూలికి సమానమైనచో దానిని కాయకమని ఎట్లందుము? బసవేశ్వరుడు బిజ్జలుని కోశాగారమున పనిచేసినాడు. రాజ్యపు ధనము ఆయన చేతులమీదుగా నడచినది, మనస్సునకు అంటలేదు. ధనికుల సొమ్ము చేతికి వచ్చుట దోషము కాదు. అది ఎచటినుండి వచ్చినది, ఎచటికి పోవుచున్నది అనునదే ప్రశ్న.

ముందుగా, ఎచటినుండి? ప్రపంచపు కోకోలో సగమునకు పైగా పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్, ఘనా దేశముల నుండి వచ్చును. అచటి తోటలలో బాలల చేత పని చేయించుటను తొలగింతుమని పెద్ద కంపెనీలు 2001లో ఒడంబడిక చేసికొన్నవి. ఆ దోషము నేటికిని పూర్తిగా తొలగలేదు. ఒక బిడ్డకు పంచిన తీపి వెనుక మరియొక బిడ్డ కన్నీరుండవచ్చునన్నమాట. మన ఆంధ్రదేశమున పశ్చిమ గోదావరి, ఏలూరు ప్రాంతములలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నడుమ కోకో పండుచున్నది. గింజలను గుజ్జుతో కూడ పెట్టెలలో పోసి, దాదాపు వారము దినములు పులియబెట్టి, ఎండబెట్టవలెను. ఆ పులియుట సరిగా జరుగనిచో ఎంత గొప్ప పనివాడైనను రుచి తేలేడు. తీపి విద్య రైతు ముంగిటనే ప్రారంభమగునన్నమాట. చైతన్య ముప్పాల 2023లో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ప్రారంభించిన ‘మనం చాక్లెట్’ సంస్థ ఈ గోదావరి గింజలతోనే చాక్లెట్లు చేసి 2024లో టైమ్ పత్రిక ఎంచిన ప్రపంచ విశిష్ట స్థలముల పట్టికకెక్కినది. రైతు ఎవరో తెలిసినప్పుడు వానికి న్యాయమైన ధర ఇయ్యవలసిన బాధ్యతయు తెలిసియే యుండును.

ఇక ఎచటికి? జి. పుల్లారెడ్డి గారు 1948లో కర్నూలులో నేతి మిఠాయిల వ్యాపారము ప్రారంభించి, పిమ్మట హైదరాబాదున ప్రసిద్ధులై, 2007లో కీర్తిశేషులైరి. మిఠాయిల వలన వచ్చిన ధనము విద్యాసంస్థలైనది; 1985లో కర్నూలున ఇంజనీరింగు కళాశాల వెలసినది. కుమారుడు ఇంజనీరే కావలెనని పట్టుబట్టు పెద్దలు, ఎందరినో ఇంజనీర్లను చేసిన ఆ కళాశాల ఒక మిఠాయి అంగడి ఫలమని గుర్తింపవలెను.

అయినను దానము ఒక్కటియే దాసోహము కాదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలనేరి జంగమ దాసోహము చేయుచుండెను. ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ మందలించి, అధికమైనవానిని తిరిగి అచటనే పోసి రమ్మన్నది. మంచిపనికైనను మితిమీరి కూడబెట్టుట ఆశయేనని ఆ తల్లి తీర్పు. కలుషితమైన ఆర్జనను దానముతో కడుగజూచుట కూడ ఒక విధమగు తీపి పూతయే.

కావున పెద్దలు ఆ యువకుని వృత్తిని ఆపనక్కరలేదు. మూడు ప్రశ్నలడిగిన చాలును. నీవు చేసినదానిలో ఏమున్నదో తినువానికి తెలియునా? దానిని పండించినవానికి న్యాయము జరిగినదా? మిగిలినది దాసోహమునకు చేరునా? వీనికి నిజాయితీతో సమాధానమీయగలవాని చేతిలోని గరిటె పూజాద్రవ్యమే. ఈయలేనివాడు ఇంజనీరైనను, మఠాధికారియైనను వాని పని కాయకము కాదు.

మన మఠములకు ఒక విన్నపము. ఇట్టి విద్య నేర్చిన బిడ్డలను బసవ జయంతినాడు పిలిపించి దాసోహశాలలో తీపి చేయింపుడు. ఏనాడును చాక్లెట్ పెట్టె కొనజాలని పిల్లల పంక్తిలో వారి చేతి తీపి మొదట వడ్డింపబడునుగాక.