గోడకు అవతలి మనిషి

మా హోసూరు చుట్టుపక్కల పల్లెలకు ఒకప్పుడు సినిమా అంటే టూరింగ్ టాకీసే. కింద ఇసుక, పైన డేరా, చుట్టూ తడికెలు. వెనకవైపు ఒక్క గది మాత్రం ఇటుకలతో కట్టి, ఇనుప తలుపు పెట్టి ఉండేది. అన్ని తడికెల మధ్య ఆ ఒక్క గదికే గట్టి గోడలెందుకని చిన్నప్పుడు నేనెవరినీ అడగలేదు. అసలు అడగవలసిన ప్రశ్న అదేనని ఇప్పుడనిపిస్తుంది.

ఆ గదిలో మిషను నడిపేది మా వీధి ఆయనే. నాకు వరసకు మామ. నాకు పన్నెండేళ్లప్పుడు ఒక రాత్రి, కథ మంచి పట్టులో ఉండగా రీలు ఇరుక్కుంది. తెర మీద కథానాయిక ముఖం మధ్య గోధుమరంగు మచ్చ పుట్టి, బుడగలా పొంగి, తెరంతా తెల్లబడిపోయింది. డేరా నిండా ఈలలు, కేకలు, తిట్లు. నేనూ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను. అంతటితో ఊరుకోక ఒక పాడుమాట కూడా అన్నాను. మర్నాడు ఆయన మా ఇంటి ముందు ఆగి, "ఈల బాగా వేస్తావే అల్లుడూ! ఆ కంతలోంచి నాకు మీరందరూ కనబడతారు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నాకు మాత్రం తల ఎత్తే మొహం లేకపోయింది.

ఆ సాయంత్రం ఆయనే నన్ను లోపలికి తీసుకెళ్లి చూపించాడు. దీపం పెట్టెలో ఎదురెదురుగా రెండు బొగ్గు కడ్డీలు. కార్బన్లు అనేవారు. వాటిని ఒకదానికొకటి తాకించి కాస్త ఎడం చేస్తే మధ్యలో కరెంటు మెరుపులా నిలుస్తుంది. అక్కడి వేడి 3,500 డిగ్రీల సెంటీగ్రేడుకు దగ్గర. వెలిగేకొద్దీ కడ్డీలు అరుగుతాయి. ఎడం పెరిగితే వెలుగు పలచబడి ఆరిపోతుంది. అందుకని నల్లద్దంలోంచి చూస్తూ, మరలు తిప్పి వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఇటు చూస్తే సెకనుకు 24 బొమ్మల లెక్కన 1,000 అడుగుల ఫిల్ము 11 నిమిషాల్లో అయిపోతుంది. "మరి నువ్వు బొమ్మ ఎప్పుడు చూస్తావు మామా?" అన్నాను. "బొమ్మ మీరు చూస్తారు. నేను వెలుగు చూసుకుంటాను" అన్నాడు.

ఆ గోడల సంగతి తర్వాత ఎప్పుడో చదివి తెలుసుకున్నాను. తొలినాళ్ల ఫిల్ము నైట్రేటుతో చేసినది. మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది గనుక ఒకసారి అంటుకుంటే నీళ్లకు కూడా లొంగదు. 1950ల తొలి ఏళ్ల దాకా అది తయారవుతూనే ఉంది. దీపాలూ తక్కువ ప్రమాదమేమీ కాదు. 1897 మే 4న పారిస్‌లో, దానధర్మాల కోసం పెద్దింటివాళ్లు పెట్టిన ఒక సంతలో సినిమా చూపించారు. కొయ్యతో, రంగులద్దిన గుడ్డలతో కట్టిన పందిరి అది. ఈథరు ఆవిరితో వెలిగే దీపానికి మళ్లీ ఈథరు నింపే వేళ పక్కన అగ్గిపుల్ల గీశారు. 120 మందికి పైగా చనిపోయారు. మన దేశంలో 1918 నాటి చట్టం సినిమా ఆడే చోటుకు లైసెన్సు ఉండాలన్నది. మంటను తట్టుకునే గది, కంతలను టక్కున మూసే ఇనుప రేకులు హాళ్లకు నియమాలయ్యాయి.

న్యాయమే. వందలమందిని కాపాడే గోడ అది. కానీ ఆ రేకు పడితే మంట మన వైపు రాదు. అవతల మంటతోపాటు ఒక మనిషి ఉంటాడు.

బందరు నుంచి మద్రాసు చేరి ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య, బొమ్మకు గ్రామఫోను రికార్డును జతచేసే క్రోనోమెగాఫోన్ తెప్పించి, డేరాలు వేసి ఆడించారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. బయటి రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్లం ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ డేరాల్లో దీపం దగ్గర నిలబడ్డవాళ్ల పేర్లు మాత్రం మన నోట ఎప్పుడూ వినబడవు.

అలాంటివాళ్లకు మనం ఏం బాకీ ఉన్నాం? దండ వేసి, శాలువా కప్పితే తీరుతుందా? ఇక్కడొక చిక్కుంది. మామ పని సవ్యంగా సాగిన రాత్రి ఆయన మనకు గుర్తు రాకూడదు. గుర్తొచ్చాడంటే బొమ్మ చెడిందన్నమాట. మన మరుపే ఆయన పనితనానికి కొలత. అంటే కృతజ్ఞత చూపవలసిన వేళ చూపే వీలే లేదు. ఆయన మన కంటికి ఆనేది తప్పు జరిగిన ఆ ఒక్క క్షణంలోనే. కనుక ఆ క్షణంలో మనం చూపే ఓర్పే, అంతవరకు సవ్యంగా సాగిన రాత్రులన్నిటికీ కలిపి మనమిచ్చే కూలి. నేనా రాత్రి ఆ కూలి ఎగ్గొట్టాను.

అజాగ్రత్తను కూడా ఓర్చుకోవాలా అని మీరడగవచ్చు. అక్కర్లేదు. పారిస్‌లో అగ్గిపుల్ల గీయడం తప్పే. అయితే ఆ దీపాన్ని కొయ్యకూ గుడ్డకూ మధ్య పెట్టినవాళ్ల తప్పు అంతకన్నా చిన్నదేం కాదు. ఓర్పంటే తప్పును కప్పెయ్యడం కాదు. తిట్టడానికి ముందు, గోడకు అవతల ఎంత వేడిగా ఉందో ఒక్కసారి తలుచుకోవడం.

ఇప్పుడా కార్బన్లూ లేవు, రీళ్లూ లేవు. బొమ్మ డిస్కుల్లోనో ఉపగ్రహం మీదుగానో వస్తోంది. గోడలు మాత్రం వేరేచోట్లకు మారాయి. వానరాత్రి మా వీధిలో కరెంటు పోతే ఫోను తీసి అరవబోతాను. అంతలో, ఆ చీకట్లో స్తంభం ఎక్కుతున్న మనిషి గుర్తొస్తాడు. ఫోను కింద పెడతాను. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ను క్షమించమని నేను ఒక్కసారీ అడగలేదు. ఇలా ఆగిన ప్రతిసారీ ఆ బాకీలో ఒక కాణీ తీరుతోందనుకుంటాను.