ఖడ్గమును దించిన తరువాత

బాప్తిస్మమిచ్చు యోహాను నొద్దకు సైనికులు వచ్చి, తామేమి చేయవలెనని అడిగినట్లు లూకా వ్రాసెను. ఆయుధములు విడువుడని ఆయన చెప్పలేదు. బలహీనులను దోచక, వచ్చు జీతముతో తృప్తి పొందుడని బోధించెను. అయితే ఆ సైనికులు అడుగని ప్రశ్న యొకటి కలదు. ఎవని పక్షమున ఖడ్గము ధరించెనో ఆ ప్రభువే మనస్సాక్షికి అడ్డము వచ్చినప్పుడు సైనికుడేమి చేయవలెను? పదునారవ శతాబ్దపు ఆస్ట్రియా కులీనుడు హాన్స్ ఉంగ్నాడ్ జీవితము ఈ ప్రశ్నకు ఒక ప్రత్యుత్తరము.

1493లో జన్మించిన ఉంగ్నాడ్ 1530లో స్టిరియా మండలాధిపతి ఆయెను. అంతకు ముందటి యేడు, అనగా 1529లో, తురుష్క సుల్తాను సులేమాను వియన్నాను ముట్టడించి మరలిపోయెను. దక్షిణ సరిహద్దున గ్రామములు తగులబడుచుండెను. స్త్రీలు, పిల్లలు బందీలుగా కొనిపోబడుచుండిరి. అట్టివారిని కాపాడుట ఉద్యోగము మాత్రమే కాదు, పొరుగువానికి చెల్లింపవలసిన ఋణము. 1526లో సైనికులను గూర్చి వ్రాసిన గ్రంథములో లూథరు ఇట్టి రక్షణను ప్రేమక్రియగానే ఎంచెను. కాని ప్రభువు అన్యాయపు యుద్ధమునకు పిలిచినచో మనుష్యులకంటె దేవునికే భయపడవలెనని కూడ హెచ్చరించెను.

1537లో ఫెర్డినాండు రాజు సేన కాట్సియానర్ నాయకత్వమున ఒసియెక్ కోటపైకి పోయెను. ఆహారము చాలక వెనుదిరుగుచు గొర్యాని యొద్ద చిక్కుకొనెను. కాట్సియానర్ మొదలగు నాయకులు రాత్రివేళ శిబిరము విడిచి పోయిరి. పదాతులతో నిలిచిన లొద్రోన్ ప్రాణము కోల్పోయెను. ఆ దండయాత్రలో పాల్గొనిన ఉంగ్నాడ్ ఆ అవమానమును దగ్గరనుండి ఎరిగినవాడు. తరువాత సరిహద్దు సేనల ఆధిపత్యమే ఆయనకు లభించెను.

ఇంతలో ఆయన సంస్కరణ విశ్వాసమును స్వీకరించెను. 1541లో ఆస్ట్రియా మండలముల ప్రతినిధులతో ప్రాగు నగరమునకు పోయి మతస్వేచ్ఛ కొరకు రాజును వేడుకొనెను. రాజు అంగీకరింపలేదు. అయినను ఉంగ్నాడ్ ఇంకను అనేక సంవత్సరములు కొలువులోనే ఉండెను. తుదకు 1556లో పదవిని విడిచి, కొంతకాలమునకు వుర్టెంబర్గు ప్రభువు క్రిస్టఫ్ ఆశ్రయమున ఊరాఖ్ పట్టణము చేరెను.

శత్రువు ఇంకను వాకిట నుండగా సేనాని తొలగిపోవుట న్యాయమా? ఇది తేలికగా త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. గొర్యానిలో శిబిరము విడిచిన వారును పోయిరి, ఉంగ్నాడును పోయెను. భేదమెక్కడ? వారు ప్రాణము దక్కించుకొనుటకు చీకటిలో పోయిరి. ఈయన పదవిని, స్వదేశమును కోల్పోవుటకు సిద్ధపడి, కారణము చెప్పి పోయెను. అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి: ఆయన స్థానమును విడిచెను గాని సరిహద్దు ప్రజలను మరువలేదు.

1561లో ఊరాఖ్‌లో ఆయన ముద్రణాలయము స్థాపించెను. స్లొవేను భాషకు ప్రిమొజ్ ట్రూబర్, క్రొయేషియను భాషకు స్టెపాన్ కొన్సుల్, ఆంటూన్ దల్మాటిన్ పాటుపడిరి. గ్లగోలిటిక్ లిపిలో క్రొత్త నిబంధన 1562, 1563 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడెను. 1563లోనే సిరిలిక్ లిపిలోను వచ్చెను. జర్మను ప్రభువుల సహాయము చాలనిచోట ఉంగ్నాడ్ స్వధనము వెచ్చించెను. ఈ గ్రంథములు తురుష్క రాజ్యములోనికి, కాన్‌స్టాంటినోపిల్ వరకు పోవునని వారు ఆశించిరి.

ఇది వేరొక దండయాత్ర కాదా అని అడుగవచ్చును. పుస్తకమును మూసివేయుటకు చదువరికి స్వాతంత్ర్యము కలదు; ఖడ్గము ఎదుట అట్టి స్వాతంత్ర్యము లేదు. తాను మార్గము మూయజూచిన శత్రువును ఉంగ్నాడ్ ఇప్పుడు వినదగిన మనుష్యునిగా ఎంచెను. సేనాని హృదయమున జరిగిన నిజమైన మార్పు ఇదియే.

1564 డిసెంబరులో ఆయన మరణించెను. ముద్రణాలయము త్వరలోనే మూతబడెను. చాల ప్రతులు గమ్యము చేరలేదు. లోకము దీనిని రెండవ పరాజయమని పిలువవచ్చును. కాని విశ్వాసి కర్తవ్యమును ఫలితముతో మాత్రమే కొలువరాదు. మనస్సాక్షి నిమిత్తము ఒక స్థానమును విడువవలసి వచ్చినప్పుడు మనము రెండు సంగతులు పరీక్షించుకొందము: దేనిని దక్కించుకొనుటకు పోవుచున్నాము? వెనుక నిలిచినవారి కొరకు మన చేతులలో ఏమి మిగిలియున్నది?