సముద్రంలో వదిలిన దుంగ, తపాలాలో వేసిన పార్సిలు



ఇస్రాయీల్ సంతతికి చెందిన ఒక వ్యక్తి వెయ్యి దీనారులు అప్పు తీసుకున్న వృత్తాంతాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వినిపించారు. అది సహీహ్ బుఖారీలో ఉంది. సాక్షిని తెమ్మంటే, జామీను చూపమంటే అతను అల్లాహ్‌నే చూపాడు. సముద్రం దాటి వెళ్ళి పని చక్కబెట్టుకున్నాడు. గడువు నాటికి తిరిగి రావడానికి ఓడ దొరకలేదు. అప్పుడు ఒక దుంగను తొలిచి, అందులో వెయ్యి దీనారులూ ఒక ఉత్తరమూ పెట్టి, నోరు గట్టిగా మూసి, అల్లాహ్‌కు అప్పగించి నీళ్ళలో వదిలాడు. అవతలి ఒడ్డున అప్పిచ్చినవాడు ఓడ కోసం ఎదురుచూస్తూ వచ్చి, ఆ దుంగను వంటచెరకుగా ఇంటికి తీసుకుపోయాడు. చీల్చితే సొమ్మూ ఉత్తరమూ బయటపడ్డాయి.

చాలామంది ఈ హదీసును ఇక్కడే ఆపేస్తారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఓడ దొరకగానే ఆ అప్పుదారు మరో వెయ్యి దీనారులు పట్టుకుని స్వయంగా వచ్చాడు. ‘పంపించేశాను, ఇక నాకు సంబంధం లేదు’ అనుకోలేదు. మొదటి సొమ్ము చేరిందని అవతలి మనిషి నోట విన్నాకే రెండో వెయ్యితో వెనుదిరిగాడు.

మన ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలోనూ కువైట్‌లోనో సౌదీలోనో మనవారున్న ఇళ్ళు ఎన్నో. ఏలూరు తివాచీలు విదేశాలకు వెళ్ళడం కూడా పాత మాటే. వస్తువు ఇల్లు దాటాక పోతే నష్టం ఎవరిది? ఈ ప్రశ్న మీద బంధుత్వాలు తెగిపోతున్నాయి.

ముందుగా మన వీధుల్లో జరిగేది చూద్దాం. కువైట్ వెళ్తున్న పక్కింటి ఖాలా చేతిలో ఒక నగ పెడతాం, ‘మా అమ్మాయికి ఇవ్వండి’ అంటాం. ఆమె పైసా తీసుకోదు. దారిలో ఆమె సంచి పోతుంది. తెల్లారేసరికి ఆమె ఇంటి ముందు పంచాయితీ! షరీఅత్ దృష్టిలో ఆమె అమానతుదారు. తన వస్తువును చూసుకున్నట్టే దానినీ చూసుకుని ఉంటే, అజాగ్రత్త గానీ ద్రోహం గానీ ఆమె వైపు నుండి లేకపోతే, ఆమెపై పరిహారం లేదు. నలుగురిలో కూర్చోబెట్టి, కువైట్‌లో ఇళ్ళ పని చేసి కూడబెట్టిన జీతం నుండి ఆ నగ ఖరీదు వసూలు చేయడం జులుమ్. ఇక లోపల ఏముందో చెప్పకుండా కట్టిన మూటను ఆమె చేతికివ్వడం అంతకంటే ఘోరం. విమానాశ్రయంలో జవాబు చెప్పుకోవలసింది ఆమే కదా!

పూచీ కావాలనుకుంటే, డబ్బు తీసుకుని పూచీపడే వారికే అప్పగించాలి. కూలి తీసుకుని అందరి పనీ చేసేవాడిని ఫిఖహ్‌లో ‘అజీరె ముష్తరక్’ అంటారు. అతని తప్పు లేకుండా సరుకు పోతే అతను కట్టనక్కరలేదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ మాత్రం, తప్పించుకోలేని విపత్తు వల్ల అయితే తప్ప కట్టవలసిందేనన్నారు. ప్రజల సొమ్ముకు రక్షణ ఉండాలన్నదే ఇందులోని ఆలోచన.

1836లో మరణించిన డమాస్కస్ పండితుడు అల్లామా ఇబ్నె ఆబిదీన్ తన ‘రద్దుల్ ముహ్తార్’లో ఓడ సరుకుల బీమాను చర్చించారు. సరుకును ముట్టుకోని మూడో మనిషి రుసుము తీసుకుని నష్టం కడతాననడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఓడ యజమానే ఆ పూచీపడితే అతని సంగతి వేరని, అతను మోసినందుకూ కాపాడినందుకూ కూలి తీసుకున్నవాడని గుర్తించారు. అయితే అతను కూడా తప్పించుకోలేని విపత్తుకు బాధ్యుడు కాడన్నారు. తపాలా శాఖ తానే వస్తువును తీసుకుని, తానే మోసి, భద్రతకు అదనపు రుసుము తీసుకునే బీమాకు మన ఉలమాలు అనుమతి ఇవ్వడానికి ఈ తేడాయే ఆధారం. వాణిజ్య బీమా కంపెనీల ఒప్పందాలు ధర్మసమ్మతం కావని, పరస్పర సహకార బీమా సమ్మతమేనని జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1985లో తీర్మానించింది. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఇప్పుడు అందరూ తేలికగా తీసుకునే విషయం. విదేశీ పార్సిలుపై అతికించే కస్టమ్స్ పత్రంలో వస్తువు పేరు, విలువ రాయాలి. అది మన సాక్ష్యం. అక్కడ సుంకం తగ్గుతుందని ఇరవై వేల తివాచీని రెండు వేలని రాసేవారున్నారు. అమ్మిన సరుకును ‘కానుక’ అని రాసేవారూ ఉన్నారు. అదే మనిషి బీమా దగ్గరికి వచ్చేసరికి ముప్పై వేలంటాడు! అంతర్జాతీయ తపాలా నియమాల ప్రకారం బీమా మొత్తం అసలు విలువను మించకూడదు. అందులో కొంత భాగానికి మాత్రం చేయించుకోవచ్చు. మోసంతో ఎక్కువ రాస్తే పరిహారం హక్కే పోతుంది. తప్పుడు ప్రకటన వల్ల కస్టమ్స్ వారు పట్టుకుంటే తపాలా శాఖ బాధ్యత వహించదు. ధర్మం ఇంకా సూక్ష్మంగా చూస్తుంది. పోయినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా అది హలాల్ కాదు.

బీమా చేయించాం కదా అని కట్టడంలో అశ్రద్ధ చేయడమూ అమానతుకు ద్రోహమే. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. మన తేమ గాలిలో ఉన్ని తివాచీకి పురుగు, బూజు రెండూ శత్రువులే. ఎండలో ఆరబెట్టి, నీరు చొరని కాగితం చుట్టి, పైన గుడ్డతో కుట్టండి. చిరుగు ఉంటే కొనేవాడికి ముందే చెప్పండి. నగలైతే ఆ దేశానికి తపాలాలో పంపనిస్తారో లేదో పోస్టాఫీసులో అడిగాకే కట్టండి. చాలా చోట్ల వాటిపై ఆంక్షలున్నాయి. మన దేశంలో 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు గనుక పాత అలవాటుతో వెళ్ళి గందరగోళపడవద్దు. రసీదు భద్రపరచుకోండి, తూకం, విలువ, తేదీ ఇంట్లో ఒకచోట రాసి ఉంచండి. అప్పు వ్యవహారాలను రాసుకొమ్మని ఆదేశించిన బఖరా సూరా 282వ ఆయత్ మనకు ఈ అలవాటును నేర్పింది.

ఇక డబ్బు ముందే తీసుకుని సరుకు పంపేవారికి ఒక మాట. ఇంటికి చేర్చే బాధ్యత మీదేనని ఒప్పుకుని ఉంటే, పార్సిలు దారిలో పోయినప్పుడు కొన్నవాడి చేతికి రసీదు నంబరు ఇచ్చి ‘తపాలా వాళ్ళను అడుగు’ అనకూడదు. అతనికి మరో తివాచీ పంపండి, లేదా సొమ్ము తిరిగి ఇవ్వండి. పరిహారం కోసం పోస్టాఫీసు చుట్టూ తిరగవలసింది మీరు.